సైకిల్‌కి బారెడు: హైదరాబాద్ రోడ్ల మీద ఓవర్‌టేక్ ప్రచారం ఎలా చేయాలి

ముందు ఒక చిన్న కూడిక: సైకిల్‌ని క్షేమంగా దాటాలంటే బండికి ఎంత వెడల్పు కావాలి? మన పెద్ద రోడ్లలో ఒక లేన్ వెడల్పు మహా అయితే 3.5 మీటర్లు. సైకిల్ చక్రం రోడ్డు అంచు నుంచి ఒక మీటరు లోపలికి నడుస్తుంది. ఎందుకంటే ఆ అంచునే మ్యాన్‌హోల్ మూతలు, ఇసుక, వాననీటి జాలీలు, ఉన్నట్టుండి తెరుచుకునే కారు తలుపులు ఉంటాయి. హ్యాండిల్‌లో కుడి సగం 30 సెంటీమీటర్లు. ఆ పక్కన వదలాల్సిన ఖాళీ 1.5 మీటర్లు. మామూలు కారు వెడల్పు 1.75 మీటర్లు. మొత్తం కలిపితే 4.55 మీటర్లు.

అంటే కారు తన లేన్‌లోనే ఉండి సైకిల్‌ని దాటడం కుదరదు, కుడి లేన్‌లోకి మీటరుకు పైగా జరగాల్సిందే. బస్సుకి చట్టం అనుమతించే గరిష్ఠ వెడల్పు 2.6 మీటర్లు. దానితో లెక్క కడితే 5.4 మీటర్లు వస్తుంది. మీ ప్రచారమంతా ఈ కూడిక మీదే నిలబడాలి. ‘సైకిల్ వాళ్లను గౌరవించండి’ అని రాస్తే చదివిన డ్రైవరుకి తాను ఏం చేయాలో అర్థం కాదు. ‘లేన్ మారి దాటు, ఖాళీ లేకపోతే వెనకే ఆగు’ అంటే అర్థమవుతుంది.

1.5 మీటర్లన్నా చాలామందికి కంటికి ఆనదు. మనకి బార ఉండగా మీటరు ఎందుకు? రెండు చేతులూ చాచితే ఈ కొస నుంచి ఆ కొసకి ఉండే దూరం దాదాపు మనిషి ఎత్తు అంత, అంటే 1.6 మీటర్లకు అటూ ఇటూ. ‘సైకిల్‌కి బారెడు’ అని చెప్పి చేతులు చాచి చూపిస్తే చదువురాని డ్రైవరు కూడా మర్చిపోడు. నగరంలో లారీలు, ట్యాంకర్లు, క్యాబ్‌లు తోలేవాళ్లలో తెలుగు రానివాళ్లు చాలామంది. వాళ్లకి ‘సైకిల్ కూ జగా దేవ్ భాయ్’ అని కూడా అచ్చు వేయించండి.

మొదట ఒక్క రోడ్డు పట్టుకోండి

నగరం మొత్తాన్ని మార్చాలని మొదలైన ప్రచారం రెండు ఆదివారాల ర్యాలీలతో ఆగిపోతుంది. రెండు, మూడు కిలోమీటర్ల రోడ్డు ఒక్కటి ఎంచుకోండి. అక్కడ రోజూ సైకిళ్లు తిరుగుతుండాలి. అవే బస్సులు, ట్యాంకర్లు లేదా కంపెనీ క్యాబ్‌లు అక్కడ పదేపదే తిరుగుతుండాలి. కనీసం ఒక చోట రోడ్డు ఇరుకవాలి.

ఉదయం ఆరింటికి హెల్మెట్, బిగుతు బట్టలతో వచ్చే వాళ్ల సైకిళ్లే లెక్కలో చూపిస్తే ‘ఇది వ్యాయామం చేసేవాళ్ల గొడవ’ అని కాగితం పక్కన పడుతుంది. జీడిమెట్ల, బాలానగర్, కుషాయిగూడ, చర్లపల్లి, పటాన్‌చెరు వైపు షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర గంట నిలబడి సైకిళ్లు లెక్కపెట్టండి. పేపరు వేసేవాళ్లు, రాత్రి కాపలావాళ్లు, ఫ్లాస్కు కట్టుకుని చాయ్ అమ్మేవాళ్లు కూడా మీ లెక్కలోకి రావాలి. మీ ప్రచార కమిటీలోనూ వాళ్లలో ఇద్దరైనా ఉండాలి. లైటు లేని సైకిల్ మీద చీకట్లో ఇంటికి పోయే మనిషికి ఏది ప్రమాదమో మనకన్నా అతనికే ఎక్కువ తెలుసు.

‘ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ కట్టాం కదా’ అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, 2023 అక్టోబరు 1న తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. మీ జవాబు సిద్ధంగా ఉంచుకోండి: అది జీడిమెట్ల గేటు దాకా పోదు. దాని మీద తొక్కాలనుకునే వాళ్లయినా అక్కడి దాకా వచ్చేది మామూలు రోడ్డు మీదే.

ఎంచుకున్న రోడ్డు ఎవరిదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. లోపలి రోడ్లు ఎక్కువగా మున్సిపల్ కార్పొరేషన్‌వి. ఔటర్ వ్యవహారం హెచ్‌ఎండీఏ చూస్తుంది. పటాన్‌చెరు వైపు 65వ నంబరు, ఉప్పల్ వైపు 163, మేడ్చల్ వైపు 44 జాతీయ రహదారులు. కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) వాళ్లవి. ఏ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో కూడా కనుక్కోండి. కమిషనరేట్ల హద్దులు మారుతుంటాయి కాబట్టి పాత పటం నమ్మకండి, స్టేషన్‌కి వెళ్లి అడగండి. తప్పు ఆఫీసుకి పోయిన అర్జీ అక్కడి నుంచి బయటపడేసరికి నెల గడిచిపోతుంది.

చట్టంలో ఏముందో, ఏం లేదో

మన చట్టంలో సైకిల్‌ని దాటేటప్పుడు ఇన్ని మీటర్లు వదలాలి అన్న అంకె లేదు. అందుకే కరపత్రం మీద ‘చట్టం ప్రకారం 1.5 మీటర్లు’ అని ఎప్పుడూ రాయకండి. సమావేశంలో ఒక లాయరు లేచి ‘ఏ సెక్షన్?’ అని అడిగితే మీ మిగతా మాటలు కూడా గాలికి పోతాయి. ‘మేము అడిగే దూరం’ అని రాయండి.

ఉన్నదేమిటంటే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్. 2019 సవరణలో దానికి చేర్చిన వివరణ ప్రకారం, చట్టానికి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటడం ప్రమాదకర డ్రైవింగ్ కిందకి వస్తుంది. మొదటిసారికి కోర్టు వేయగలిగే శిక్ష ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత బండి యజమానిది, అది 133వ సెక్షన్. బండి నంబరు దొరికితే డ్రైవరు దొరికినట్టే. దెబ్బలు తగిలిన కేసుల్లో భారతీయ న్యాయ సంహిత 281, 125 సెక్షన్లు వస్తాయి.

అంకె కావాలని అడగాలంటే అది ఢిల్లీ పని. వాహనాలు నడిపే నియమాలు రాసే అధికారం 118వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. రాష్ట్ర మంత్రికి ఆ వినతిపత్రం ఇస్తే ఫొటో వస్తుంది, నియమం రాదు. ఆ కాగితం మీ ఎంపీకి ఇవ్వండి, బయటి ఉదాహరణలు జత చేయండి: జర్మనీ 2020లో ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి బయట 2 మీటర్లు అని నియమం రాసుకుంది. బ్రిటన్ 2022 జనవరిలో తన హైవే కోడ్‌లో గంటకు 30 మైళ్ల వేగం దాకా కనీసం 1.5 మీటర్లని చేర్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2014లో 60 కిలోమీటర్ల వేగం దాకా ఒక మీటరు, అంతకు మించితే 1.5 మీటర్లు పెట్టింది. దీని కోసం ఎదురుచూస్తూ మిగతా పని ఆపొద్దు. స్థానిక పోలీసులు, డిపోలు, కంపెనీలు కొత్త అంకె లేకుండానే చాలా చేయగలవు.

కొలవండి. ఇక్కడే ఎక్కువ కష్టపడాలి

మాటలతో వెళ్తే ‘సైకిల్ వాళ్లే అడ్డంగా వస్తారు’ అన్న మాటతో తిరిగొస్తారు. కొలతలతో వెళ్తే మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

కొలిచే పెట్టెకి కావలసినవి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి: తడిని తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి, అది తిరిగొచ్చే సమయంతో దూరం కొలిచేది) జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ ఒకటి, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, జీపీఎస్ మాడ్యూల్, మైక్రో ఎస్డీ కార్డు మాడ్యూల్, హ్యాండిల్ మీద బిగించే ఒక బటన్, పవర్ బ్యాంక్. జర్మనీలో మొదలైన ఓపెన్‌బైక్‌సెన్సర్ అనే ఉచిత నమూనా కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. దాని బొమ్మలు చూసి కట్టుకోవచ్చు.

తేడా కొట్టేవి ఇవి. 5 వోల్టుల మీద నడిచే సెన్సర్‌లో కొలతని బయటికి పంపే ఎకో పిన్ను నుంచి 5 వోల్టులే బయటికొస్తాయి, ఈఎస్‌పీ32కి 3.3 దాటకూడదు. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో విభజించండి, లేకపోతే బోర్డు పోతుంది. పవర్ బ్యాంక్‌లలో కొన్ని కరెంటు తక్కువ లాగితే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని తమంతట తామే ఆగిపోతాయి. కొనే ముందు పెట్టెకి తగిలించి అరగంట చూడండి. ఇక ఎండ. ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకి 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర దాదాపు 355. ప్రోగ్రాములో 343 అనే ఉంచి ఏప్రిల్ మధ్యాహ్నం తొక్కితే అసలు 1.5 మీటర్లున్న ఖాళీని పెట్టె 1.45 అని చూపిస్తుంది. ఐదు సెంటీమీటర్లే కదా అనుకోకండి. ఆ తప్పు మీకు అనుకూలంగా పడుతోంది, అవతలివాళ్లు పట్టుకునేది దాన్నే. ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి చేర్చండి, లేదా ప్రతి ప్రయాణం ముందు ఆనాటి ఉష్ణోగ్రత టైపు చేయండి.

సీటు కింద, కుడి వైపు చూసేలా, నేలకి సమాంతరంగా బిగించండి. సెన్సర్ సైకిల్ మధ్యలో ఉంటే వచ్చిన అంకెలోంచి హ్యాండిల్ సగం, అంటే 30 సెంటీమీటర్లు తీసేయండి. మీ హ్యాండిల్ ఎంతుందో టేపుతో కొలిచి ఆ అంకె వాడండి. కారు అద్దం బాడీ కన్నా బయటికి ఉంటుంది, సెన్సర్ చూసేది బాడీని. కాబట్టి అసలు ఖాళీ మీ అంకె కన్నా తక్కువే కానీ ఎక్కువ కాదు. ఇది నివేదికలో ఒక వాక్యం రాస్తే చాలు. బయల్దేరే ముందు గోడ పక్కన 50, 100, 150, 200 సెంటీమీటర్ల దగ్గర నిలబెట్టి టేపుతో సరిచూసి ఫొటో తీయండి. తిరిగొచ్చాక మళ్లీ చూడండి. అంకె మారితే ఆ రోజు లెక్క పడేయండి.

సెన్సర్ సెకనుకి 20 సార్లు చూస్తుందనుకుందాం. మీ కన్నా గంటకు 40 కిలోమీటర్ల వేగం ఎక్కువున్న నాలుగు మీటర్ల కారు మీ పక్కన ఉండేది సెకనులో మూడో వంతు, అంటే ఏడు అంకెలు. అందులో అన్నిటికన్నా చిన్నది ఒంటరిగా దూరంగా ఉంటే దాన్ని వదిలి దాని పై అంకె తీసుకోండి. ఏ బండి దాటినా బటన్ నొక్కండి. లేకపోతే ఆగి ఉన్న ఆటోలు, డివైడర్ రెయిలింగ్, సిగ్నల్ దగ్గర మీ పక్కన నిలబడిన బైకులు అన్నీ ఓవర్‌టేక్‌లుగా లెక్కలోకి వస్తాయి.

ముగ్గురు మనుషులు, ఒకే రోడ్డు, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఏడు. మొత్తం ఇరవై ట్రిప్పులు కావాలి. భయపెట్టిన బండ్లే కాదు, దాటిన ప్రతి బండీ లెక్కలో ఉండాలి. మంచిగా బారెడు వదిలి పోయిన డ్రైవర్ల సంఖ్య చెప్పని నివేదికని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ముగ్గురిలో ఒకరు ఆడవాళ్లయితే మంచిది, ఒకరు మామూలు బట్టల్లో క్యారియర్ ఉన్న పాత సైకిల్ మీద ఉండాలి.

పట్టికలో ఒక్కో ఓవర్‌టేక్‌కి ఈ ఐదూ రాయండి: దూరం, బండి రకం, డ్రైవరు లేన్ మారాడా, హారన్ కొట్టాడా, కుడి పక్క లేన్ ఖాళీగా ఉందా. చివరిది వీడియో చూసి నింపాలి. విసుగు పుడుతుంది, అయినా వదలకండి. మీ ఉద్యమం ఏ ఆఫీసు తలుపు తట్టాలో చెప్పేది ఆ గడే.

బైకులు ఎడమ పక్క సందులోంచి దూరి పోవడం మన ఊళ్లో మామూలు. కుడి వైపు సెన్సర్ దాన్ని చూడదు. వాటిని వీడియోలో విడిగా లెక్కపెట్టి విడిగానే చెప్పండి, కలిపితే రెండు లెక్కలూ చెడతాయి.

వీడియో తీసేటప్పుడు

కెమెరా ముందుకి చూడాలి. దాటిపోయిన బండి వెనక నంబరు ప్లేటు కనిపించేది అప్పుడే. వెనక్కి చూసే కెమెరా రెండోది. సెకనుకి 60 ఫ్రేములు పెట్టండి, 30 అయితే గతుకుల రోడ్డు మీద ప్లేటు అలుక్కుపోతుంది. తారీకు, టైము సరిగ్గా ఉన్నాయో ప్రతిసారీ చూడండి.

వెడల్పుగా చూపించే లెన్సు దూరాన్ని పెంచి చూపిస్తుంది. మీకు ఒళ్లు జలదరించిన ఓవర్‌టేక్ తెరమీద ‘బానే ఖాళీ ఉందిగా’ అనిపిస్తుంది. దీనికి విరుగుడు ఒకటుంది. సైకిల్‌ని ఖాళీ స్థలంలో నిలబెట్టి, హ్యాండిల్ కుడి కొస నుంచి మీటరు దగ్గర ఒకటి, మీటరున్నర దగ్గర ఒకటి నేలమీద తెల్ల టేపు అంటించండి. కెమెరా కదపకుండా ఒక ఫొటో తీయండి. తర్వాత వీడియోలో ఏ ఫ్రేము చూపించినా పక్కన ఆ ఫొటో పెట్టండి. కెమెరా కాస్త వంగినా ఆ ఫొటో పనికిరాదు, మళ్లీ తీయాలి.

ఫిర్యాదుకి అసలు ఫైలే ఇవ్వండి. కోసి, సంగీతం పెట్టి, బాణం గుర్తులు వేసిన వీడియో సాక్ష్యం కాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. కేసు కోర్టు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. ఇంటికి రాగానే షా-256 హ్యాష్ తీసి నోటు పుస్తకంలో తారీకుతో రాసుకుంటే తర్వాత పరుగెత్తక్కర్లేదు.

నంబరు ప్లేటు, మొహం కనిపించే వీడియోని అందరికీ కనిపించేలా పెట్టకండి. తిట్లు పడేది ఒక్కోసారి ఆ రోజు బండి నడపని మనిషికి. పైగా ఆ డ్రైవరు ఉద్యోగం పోయిందంటే డిపోలో మిగతావాళ్లంతా మీకు ఎదురు తిరుగుతారు.

లెక్కని మూడు కుప్పలు చేయండి

మీటరు కన్నా తక్కువ ఖాళీతో దాటినవన్నీ తీసి మూడుగా విడదీయండి.

కుడి లేన్ ఖాళీగా ఉన్నా రాసుకుంటూ పోయినవి మొదటి కుప్ప. అది డ్రైవరు అలవాటు, డిపోకో కంపెనీకో వెళ్లాల్సిన కాగితం. కుడి లేన్ నిండి ఉన్నా ఆగకుండా దూరినవి రెండో కుప్ప. అది తొందర, పోలీసులు చేయాల్సిన పని. రోడ్డే ఇరుకై, డ్రైవరు ఆగినా దాటినా ఇద్దరికీ చోటు లేనివి మూడోది, ఇంజినీరు దగ్గరికి పోతుంది. మూడూ కలిపి ఒకే వినతిపత్రం రాస్తే ముగ్గురూ ‘ఇది మాది కాదు’ అంటారు. నిజానికి మూడింట రెండు వంతులు వాళ్లది కానే కాదు మరి.

సగటు దూరం చెప్పకండి. సగటు 1.4 మీటర్లు అంటే బానే ఉందనిపిస్తుంది, అందులో 40 సెంటీమీటర్లతో దాటిన బస్సు దాక్కుంటుంది. బండి రకం వారీగా, మీటరు లోపు ఎన్ని, మీటరు నుంచి మీటరున్నర లోపు ఎన్ని, ఆ పైన ఎన్ని అని చెప్పండి.

డిపో, క్యాబ్ కంపెనీ, ట్యాంకర్ ఓనరు

రోడ్డు మీద పోయే వేలమంది కార్లవాళ్లని మార్చడం కష్టం. అదే రోడ్డు మీద రోజుకి పదిసార్లు తిరిగే నలభైమంది డ్రైవర్లని మార్చడం సాధ్యం. నంబరు ప్లేటులో జెడ్ అక్షరం ఉంటే ఆర్టీసీ బస్సు, అది లేని పసుపు పలక అయితే క్యాబ్, లారీ లాంటి వాణిజ్య వాహనం. ఏ బండ్లు ఎక్కువగా దగ్గరగా దాటుతున్నాయో మీ పట్టికే చెప్తుంది. ఆర్టీసీ అయితే ఆ రూటు నడిపే డిపో మేనేజరుని కలవండి. ఐటీ కంపెనీల క్యాబ్‌లయితే కంపెనీలోని రవాణా విభాగాన్ని పట్టుకోండి. డ్రైవర్లని పెట్టుకునేది బయటి కాంట్రాక్టరు కాబట్టి, ఒప్పందంలో ఒక వాక్యం చేర్చమని అడగండి. ట్యాంకర్ల యజమానులు ఎక్కువగా ఒకే చోట నీళ్లు నింపుకుంటారు, ఆ ఫిల్లింగ్ పాయింటు దగ్గరే మాట్లాడాలి.

డిపోలో అడగాల్సింది అరగంట. షిఫ్టు మారే వేళ, డిపో ఆవరణలోనే. ఉపన్యాసం వద్దు. చాక్‌పీసుతో లేన్ గీసి, సైకిల్ పెట్టి, బస్సు వెడల్పు గీసి, పైన చెప్పిన కూడికని డ్రైవర్ల చేతే చేయించండి. తర్వాత స్టాండు మీద బిగించిన సైకిల్ ఎక్కి ఇద్దరు డ్రైవర్లు కూర్చోవాలి. ట్రాఫిక్ కోన్లు పెట్టిన గీత అవతల నుంచి ఖాళీ బస్సు గంటకి 20 కిలోమీటర్ల వేగంతో ఒకసారి మీటరున్నర దూరంలో, ఒకసారి మీటరు దూరంలో దాటాలి. అంతకన్నా దగ్గరికి తేవద్దు, వేగం పెంచొద్దు. పెద్ద బండి ముందు గాలిని బయటికి నెట్టి, వెనక లోపలికి లాగుతుంది. దాన్ని ఒంటి మీద తెలుసుకున్న డ్రైవరుకి వేరే పాఠం అక్కర్లేదు. సైకిల్ కిందపడకుండా ఒకరు పట్టుకోవాలి, హెల్మెట్ తప్పనిసరి, మేనేజరు రాతపూర్వక అనుమతి లేకుండా చేయొద్దు.

‘మాకు ట్రిప్పు టైము ఉంటది’ అంటారు. న్యాయమైన మాటే, లెక్కతోనే జవాబు చెప్పండి. సైకిల్ వెనక వంద మీటర్లు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతే 20 సెకన్లు. అదే 40తో పోతే 9 సెకన్లు. పోయింది 11 సెకన్లు, అవి ముందు సిగ్నల్ దగ్గర తిరిగొస్తాయి.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. సైకిల్‌ని దాటి వెంటనే స్టాపులోకి కట్ కొట్టడం. 12 మీటర్ల బస్సు 40 వేగంతో, 18 వేగంతో పోయే సైకిల్‌కి పది మీటర్ల వెనక నుంచి పది మీటర్ల ముందుకి రావడానికి అయిదున్నర సెకన్లు, 62 మీటర్ల రోడ్డు కావాలి. ప్రయాణికులు తూలకుండా ఆగడానికి మరో 60. అంటే స్టాపు 125 మీటర్ల లోపు ఉంటే దాటడమే దండగ. డ్రైవరుకి మీటర్లు చెప్పకండి. ఆ రోడ్డులో వీధి దీపాల స్తంభాల మధ్య దూరం ముందే కొలిచి, ‘స్టాపుకి ఇన్ని స్తంభాల ముందు నుంచి సైకిల్ వెనకే ఉండు’ అని చెప్పండి. 30 మీటర్లకొక స్తంభం ఉంటే నాలుగు స్తంభాలు.

హారన్ గురించి కూడా అడగండి. సైకిల్ వెనకే దగ్గరికి వచ్చి గట్టిగా కొడితే తొక్కేవాడు ఉలిక్కిపడి కుడికే ఊగుతాడు, ఎందుకంటే వెనక్కి తిరిగి చూసేది కుడి భుజం మీదుగా. కొట్టాలంటే దూరం నుంచి, ఒకసారి, చిన్నగా.

పోలీసులతో

2016లో బ్రిటన్‌లో వెస్ట్ మిడ్‌లాండ్స్ పోలీసులు మొదలుపెట్టిన పద్ధతి ఇక్కడికి సరిపోతుంది. మామూలు బట్టల్లో ఒక పోలీసు సైకిల్ తొక్కుతాడు. దగ్గరగా దాటిన బండి నంబరు వైర్‌లెస్‌లో చెప్తాడు. ముందున్న బృందం బండిని పక్కకి ఆపి, నేలమీద పరిచిన పటం చూపిస్తుంది. చాలామందికి అక్కడే అర్థమవుతుంది, మొండివాళ్లకి చలానా. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకి మీరు అడగాల్సింది నెలకి రెండు పూటలు, ఒక కానిస్టేబులు, బండి ఆపడానికి చోటున్న ఒక బస్ బే. పటం, మనుషులు, మంచినీళ్లు మీరు పెట్టుకుంటామనండి.

పటం ఫ్లెక్సీ మీద అసలు కొలతతో అచ్చు వేయించండి: 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. 15 అడుగులంటే 4.57 మీటర్లు, మొదట చేసిన కూడిక సరిగ్గా పడుతుంది. ఎడమ అంచు నుంచి మీటరు దగ్గర సైకిల్, హ్యాండిల్ నుంచి మీటరున్నర ఎర్ర పట్టీ, ఆపైన కారు బొమ్మ. షాపులో అమ్మేవాళ్లు రోల్ వెడల్పుకి సరిపోయేలా బొమ్మని కాస్త కుదిస్తుంటారు. తీసుకునే ముందు అక్కడే టేపు పెట్టి ఎర్ర పట్టీ 150 సెంటీమీటర్లు ఉందో లేదో చూడండి. మెరిసే రకం తడిస్తే జారుతుంది, మ్యాట్ అడగండి. అంచుల్లో రింగులు కొట్టించి ఇసుక సంచులు పెట్టండి, బస్సు పోతే లేచి ముఖాన పడుతుంది. ఇదే ఫ్లెక్సీని రోడ్డు పక్క స్తంభాలకి కడితే మాత్రం మున్సిపల్ కార్పొరేషన్ జరిమానా వేస్తుంది.

అడిగే సమయం కూడా ముఖ్యం. జనవరిలో రోడ్డు భద్రతా మాసం జరుగుతుంది, అధికారులకి కార్యక్రమాలు కావాలి. డిసెంబరు మొదటి వారంలో వెళ్లండి. బోనాలు, గణేశ్ నిమజ్జనం ముందు వెళ్తే కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపిస్తారు, అంతే.

స్టేషన్‌లో పని కదలకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకి ఇవ్వండి. 215వ సెక్షన్ కింద జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, దాని అజెండాలో పెట్టమని ఒక్క వాక్యం అడగండి. సమాచార హక్కు కింద ఆ రోడ్డు మీద గత మూడేళ్లలో సైకిల్ ప్రమాదాలు, 184వ సెక్షన్ కేసుల వివరాలు అడగొచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. ‘ఆ రూపంలో సమాచారం లేదు’ అన్న జవాబు రాకుండా ఉండాలంటే లెక్కలు అడగకండి, ఎఫ్ఐఆర్ నంబర్ల జాబితా అడగండి.

ఇంజినీరుకి రాసే కాగితం

ఇది చిన్నదే. ఇరుకైన చోట ఫొటో, టేపుతో కొలిచిన వెడల్పు, లొకేషన్. పైన తారు వేసిన ప్రతిసారీ గుంటలో పడిపోయే మ్యాన్‌హోల్ మూతలు, చక్రం ఇరుక్కునేలా రోడ్డు పొడవు దిశలో సందులుండే జాలీలు, ఫ్లైఓవర్ ఎక్కే చోట అంచునున్న మట్టి. ఎక్కుడులో సైకిల్ వేగం తగ్గి అటూ ఇటూ ఊగుతుంది, ఓవర్‌టేక్‌కి అన్నిటికన్నా చెడ్డ చోటు అది. వేగ పరిమితి తగ్గించమని 112వ సెక్షన్ కింద అడగొచ్చు. రోడ్డు రూపకల్పనలో లోపం వల్ల ప్రాణం పోతే 198ఏ సెక్షన్ లక్ష రూపాయల దాకా జరిమానా అంటుంది. దీన్ని బెదిరింపుగా కాక చివరి పేరాలో ఒక ప్రస్తావనగా పెట్టండి.

ఒక్క విషయం మాత్రం అడగొద్దు: మీటరు వెడల్పున అంచున ఒక రంగు గీత. గీత అవతల ఉన్నంతవరకు తాను సరిగ్గానే ఉన్నానని డ్రైవరు అనుకుంటాడు. బారెడు వదలాలన్న ఆలోచనే పోతుంది. పైగా ఆ గీతలో సాయంత్రానికి పానీపూరి బండి ఉంటుంది. ఇస్తే బొల్లార్డులతో (బండ్లు రాకుండా పాతే చిన్న స్తంభాలు), ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 11 ప్రమాణం ప్రకారం రెండు మీటర్లకు తగ్గని ట్రాక్ ఇవ్వమనండి. అంత చోటు లేకపోతే వేగం తగ్గించమనండి.

ఆరు నెలల తర్వాత

అదే రోడ్డు, అదే వేళలు, వీలైతే అదే ముగ్గురు, అదే పెట్టె. మొదటిసారి నవంబరులో కొలిచి రెండోసారి మేలో కొలిస్తే ఉష్ణోగ్రత సవరణ చేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. మేలో స్కూల్ బస్సులు ఉండవు, ట్రాఫిక్ పలచగా ఉంటుంది. కాబట్టి మొదటి కొలత జులైలో, రెండోది జనవరి చివర్లో పెట్టుకుంటే మేలు. వాన పడ్డ రోజుల్ని రెండిట్లోనూ తీసేయండి. డిపో డ్రైవర్ల అంకెలు మారి, క్యాబ్‌లవి మారకపోతే అది కూడా అలాగే రాయండి. దగ్గరగా దాటినవి తగ్గితే ఆ అంకెని డిపో మేనేజరుకి ముందు చూపించి, ఆ కాగితం పట్టుకుని పక్క డిపోకి వెళ్లండి.